పదకొండు నిమిషాల చలికాలం

మానవజాతి నిప్పును కనిపెట్టి నాగరికత సాధించింది, ఏసీని కనిపెట్టి ఫిర్యాదు నంబరు సాధించింది. మాది ఎనిమిది అంకెల నంబరు.

మా ఏసీ మాట తప్పని మనిషి. ఆన్ చేసిన పదకొండో నిమిషానికి బ్రేకరు టప్పున పడిపోతుంది. (మా ఇంట్లో ఇన్నేళ్లలో ట్రిప్పులకు నోచుకున్నది అదొక్కటే.) మామూలు రోజుల్లో అయితే సర్దుకుపోయేవాళ్లం. కానీ అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాకా, అంటే పది రోజులు, కంట్లో చెమట చుక్క పడకూడదన్నారు డాక్టరుగారు. పడితే చూపుకి తన పూచీ లేదన్నారు. బయట చూస్తే రోళ్లు పగిలే ఎండ. బ్రేకరు ఎత్తడానికి నేనూ, విసనకర్రతో విసరడానికి మా ఆవిడా డ్యూటీలు వేసుకున్నాం.

కంపెనీకి ఫోన్ చేశాను.

“ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్.”

“ఆఫ్ చేసే పని అదే చూసుకుంటోందమ్మా. మాకు ఆన్ చేయడమే మిగిలింది.”

“అయితే సగం సమస్య తీరినట్టే కదా సార్!”

మర్నాడు మెకానిక్ వచ్చాడు. అప్పటికే బ్రేకరు పడి ఉంది. ఆగిపోయిన యంత్రాన్ని పరీక్షించడం నిబంధనలకు విరుద్ధమట. ఆన్ చేశాం. అతనున్న అరగంటా ఏసీ కిక్కురుమనకుండా పనిచేసింది.

“అచ్చం మీ నాన్నే,” అంది అమ్మ మంచం మీంచి. “చుట్టాలొస్తే చాలు, అంత బుద్ధిమంతుడు ఇంకోడుండడు.”

మెకానిక్ ‘లోపం లేదు’ అని రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, టప్పు!

ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. బ్రేకరు మంచిదే, ఏసీయే కరెంటు ఎక్కువ లాగుతోందన్నాడు. మెకానిక్‌ని అడిగితే ఏసీ మంచిదే, బ్రేకరే పిరికిదన్నాడు. అందరూ మంచివాళ్లే, చెమటే మాది. ఇద్దరూ ఒకేసారి రండయ్యా అంటే, ‘ఉమ్మడి తనిఖీ’కి సేవాకేంద్రం పెద్దాఫీసరు అనుమతి కావాలట. దానికి ఫిర్యాదుదారు స్వయంగా హాజరుకావాలట. ఫిర్యాదుదారు అమ్మే. (బిల్లు ఆవిడ పేరున రాయించడం నా మాతృభక్తి.)

మూడోరోజు అమ్మ నుదుటికి తడిగుడ్డ చుట్టి తీసుకెళ్లాను. సేవాకేంద్రం తలుపు తీయగానే ఒళ్లు ఝల్లుమంది. లోపల మూడు ఏసీలు, మూడూ నిక్షేపంగా నడుస్తున్నాయి. టోకెన్ అనే టోకరా చేతికిచ్చారు. మాది నూటపద్నాలుగు, నడుస్తున్నది తొమ్మిది.

“సాయంత్రం వద్దాం పదమ్మా.”

“నువ్వెళ్లు నాయనా. నాకిక్కడ ప్రాణం లేచొచ్చింది.”

ఆ రోజు నంబరు రాలేదు. మర్నాడు అమ్మే తొందరపెట్టి బయల్దేరదీసింది. నంబరు పిలిచేసరికి తన టోకెన్ పక్కాయన చేతిలో పెట్టి, కొత్తది తీసుకుంది. ఆ మర్నాటి నుంచి దిండు కూడా పట్టుకెళ్లింది.

“పెద్దమ్మగారూ, ఆ మూల కుర్చీలో గాలి సూటిగా తగుల్తుందండీ,” అని వాచ్‌మన్ సలహా ఇచ్చాడు. (ఆ సంస్థలో సమస్యను అర్థం చేసుకున్న ఏకైక ఉద్యోగి.)

పదో రోజు సాయంత్రం కట్టు విప్పారు. చూపు చక్కగా వచ్చింది. ఆ కంటితో అమ్మ మొట్టమొదట చదివింది నా ఫోనులోకి అప్పుడే వచ్చిన కంపెనీ సందేశం:

“ఫిర్యాదుదారు గత వారం రోజులుగా చల్లగా ఉన్నట్టు మా కెమెరాలలో నమోదైనది. సమస్య పరిష్కారమైనందున ఫిర్యాదు మూసివేయడమైనది. మిగతా కుటుంబసభ్యుల చెమట వారంటీ పరిధిలోకి రాదు.”