దర్జీని చంపిన వారం

సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటూనే సుడిగాలి వారమంతటికీ పథకం వేసేసింది. పొద్దున్నే ఈత, పగలు ఆఫీసు. సాయంత్రాలు కుండల క్లాసు, ఇల్లు మారుతున్న స్నేహితురాలికి సామాను సర్దడం, లైబ్రరీ, తెగిన చెప్పులు కుట్టించడం. వీటి సందులో ఎలాగోలా ఇరికించిన ఒక గంట అమ్మమ్మది. సుడిగాలి అన్న పేరు నాన్న పెట్టాడు. ఆ పిల్ల వస్తే తలుపులు, వెళ్తే కర్టెన్లు కొట్టుకుంటాయని ఆయన ఫిర్యాదు.

అమ్మమ్మకు కంటి ఆపరేషనైంది. మామయ్య పనిమీద వేరే ఊరు వెళ్ళడంతో ఈ వారం వీళ్ళింట్లో ఉంది, ఆదివారం ఆయన వచ్చి తీసుకెళ్తాడు. ఒక కంటికి కట్టు, పైన నల్లద్దాలు. చదవకూడదు, టీవీ చూడకూడదు, ముఖ్యంగా ఏడవకూడదు అన్నాడు డాక్టరు. చిన్నప్పుడు సుడిగాలికి జ్వరమొస్తే పక్కన కూర్చుని గొంతు బొంగురుపోయేదాకా కథలు చదివింది ఈ అమ్మమ్మే. అందుకే ఎవరూ అడక్కుండానే సుడిగాలి మాటిచ్చేసింది.

"రోజూ సాయంత్రం నీకు నవల చదువుతా. నువ్వెళ్ళేలోపు పూర్తి చేసేద్దాం. ఆ గంట మనిద్దరిదే."

అమ్మమ్మ ఆ గంట కోసం మధ్యాహ్నమే తల దువ్వించుకుని, మంచం మీద తన పక్కన చోటుంచుకుని కూర్చునేది.

మొదటిరోజు బాగానే గడిచింది. నవలలో ఒక దర్జీ ఉన్నాడు. ఎదురింటి పంతులమ్మ మీద ఏళ్ళ తరబడి ప్రేమ, చెప్పడానికి మాత్రం నోరు పెగలదు. "సన్నాసి, చెప్పేస్తే పోతుందిగా!" అని అమ్మమ్మ మురిపెంగా తిట్టింది. మర్నాడు పుస్తకం తెరిచేసరికి కుండల క్లాసుకు వేళైపోయింది. చేతిలో ఉన్నదేమో సగం ఇటుకంత పుస్తకం. దర్జీ లేకపోతే కథ సగానికి సగం తగ్గుతుందని తోచింది సుడిగాలికి. గంపగుత్తగా కొన్ని పేజీలు తిప్పేసి, "అంతలో దర్జీకి జబ్బు చేసి పోయాడు" అని, పుస్తకంలో లేని ఆ వాక్యాన్ని స్పష్టంగా చదివి మూసేసింది.

అమ్మమ్మ నల్లద్దాల కింది నుంచి నీళ్ళు జారాయి.

"అమ్మమ్మా, ఏడవకూడదు!"

"ఏడవట్లేదులే తల్లీ. నువ్వెళ్ళు, ఆలస్యమవుతుంది."

వెళ్ళింది. ఆ కన్నీళ్ళను చూసి కూడా ఎలా వెళ్ళగలిగిందో తరవాత ఆమెకే అర్థం కాలేదు.

ఎర్రబడ్డ కన్ను చూసి అమ్మ కంగారుపడింది. "ఏమైందమ్మా?"

"ఏముంది, దర్జీ పోయాడు."

వీధి చివరి దర్జీకి అమ్మ నిన్ననే నాన్న చొక్కా ఇచ్చింది. ఇంకో మాట అడక్కుండా నాన్నను పరామర్శకు తరిమింది. పోతూ పోతూ ఆయన పక్కింటి ప్లీడరు గారి భార్యకు, ఎదురింటి టైపిస్టుకు కబురు చెప్పాడు. ముగ్గురూ ముఖాలు వేలాడేసుకుని వెళ్ళేసరికి దర్జీ కత్తెరతో ఎదురొచ్చాడు.

"చొక్కా రేపిస్తానన్నాగా సార్, దానికి ఇంతమందితో రావాలా?"

పోయినవాడు నవలలో వాడని తేలాక ప్లీడరు గారి భార్యకు ఆ నవలేమిటో వినాలనిపించింది. బుధవారం సాయంత్రానికల్లా ఆవిడా టైపిస్టూ కుర్చీలు తెచ్చుకున్నారు. రానిది సుడిగాలి ఒక్కతే. సామాను సర్దే పని మీద పడి, తనకు బదులు ఈతకొలను స్నేహితురాలిని పంపింది. ఆ అమాయకురాలు ఉన్నది ఉన్నట్టు చదివింది. రెండో పేజీలోనే దర్జీ లేచి కాఫీ తాగాడు.

అటక మీద డబ్బాల మధ్య ఉన్న సుడిగాలికి ఫోనొచ్చింది.

"ఏమే, వీడు చచ్చాడంటున్నారు మీవాళ్ళు! బతికే ఉన్నాడుగా!"

"తమ్ముడని చెప్పు. కవలలు," అని పెట్టేసింది.

గురువారం లైబ్రరీ. బొమ్మలు వేసే స్నేహితురాలిని పంపింది. ఆ రోజే పుస్తకంలో దర్జీ ధైర్యం చేసి పంతులమ్మకు మనసు విప్పాడు. అంటే ఇప్పుడు తమ్ముడు విప్పినట్టు.

"అన్న పోయి రెండ్రోజులు కాలేదు, సిగ్గుండక్కర్లా!" అంది ప్లీడరు గారి భార్య.

"ఆయనెలాగూ నోరు విప్పలేదు, ఈయనైనా విప్పాడు," అంది టైపిస్టు.

మాటా మాటా పెరిగింది. స్నేహితురాలు వంటింట్లోకి వచ్చి ఫోన్ చేసింది. "పెళ్ళి చేయనా, ఆపనా? ఇక్కడ జుట్లు పట్టుకునేలా ఉన్నారు!"

"ఆపేయ్," అంది సుడిగాలి, లైబ్రరీ వరసలో నిలబడి గుసగుసగా. పుస్తకంలో జరిగిన పెళ్ళి అమ్మమ్మ గదిలో ఆగిపోయింది. ఇక ఆ పుస్తకం ఎందుకూ పనికిరాకుండా పోయింది.

శుక్రవారం తెగిన చెప్పులు కుట్టించడానికి పట్టుకెళ్దామని ఇంటికొచ్చినప్పుడు అమ్మమ్మ గదిలోంచి నవ్వులు వినిపించాయి. స్నేహితురాళ్ళిద్దరూ నవల పక్కన పడేసి, అమ్మమ్మతో కలిసి సొంత కథ అల్లుతున్నారు. సుడిగాలి తలుపు దాకా వెళ్ళింది. అంతలో ఎవరో ఫోన్ చేశారు, మాట్లాడుతూనే బయటికి నడిచింది. దారంతా మనసు పీకుతూనే ఉంది. జ్వరం వచ్చిన రోజుల్లో అమ్మమ్మ ఒక్క పేజీ కూడా దాటేయలేదు. మనవరాలు నిద్రపోయిందనుకుని ఆపినా, "తరవాత?" అని సుడిగాలి అడగ్గానే మళ్ళీ మొదలుపెట్టేది.

శనివారం ఆఫీసు తప్ప అన్నీ మానేసింది. ఈతకు వెళ్ళలేదు, కుండల మాస్టారికి రానని చెప్పింది, పుట్టినరోజు విందుకు పిలిచిన స్నేహితురాలిని క్షమాపణ అడిగింది. ఆఫీసు నుంచి పరుగున ఇంటికొచ్చి గదిలో అడుగుపెడితే నిలబడటానికి చోటు లేదు. అమ్మమ్మ పక్కనుండే ఆ చోట్లో ఈతకొలను స్నేహితురాలు కాళ్ళు మడుచుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, దర్జీ చావలేదు. నేనే చంపాను," అంది సుడిగాలి ఒక్క గుక్కలో.

"అయ్యో, పాపం ఎందుకమ్మా?" అంది ప్లీడరు గారి భార్య.

"కుండల క్లాసుకు టైమైపోతోందని."

అమ్మమ్మ నవ్వింది. "తెలుసు తల్లీ. కట్టు కంటికే కదా, చెవులకు కాదుగా. అన్ని పేజీలు ఒక్కసారి తిప్పితే వినబడదూ? ఆ తమ్ముణ్ణి పుట్టించావు చూడు, అది మాత్రం భలేగా ఉంది."

"తెలిస్తే మరి ఆ రోజు ఎందుకేడ్చావు?"

"దర్జీ కోసమనుకున్నావా?"

సుడిగాలి తల దించుకుంది. చెప్పులు కుట్టించుకోవడానికి దొరికిన తీరిక ఈ మనిషి కోసం దొరకలేదన్న సంగతి ఇంతమంది మధ్య తెలిసొచ్చింది.

"ఇవాళ నేను చదువుతా, మొదట్నుంచీ. అన్నీ మానుకుని వచ్చా అమ్మమ్మా."

"ఇవాళెలా కుదురుతుందే? వీళ్ళంతా వచ్చారు. పంతులమ్మ సంగతి తేల్చాలి."

"పోనీ, రేపు?"

"రేపు పొద్దున్నే మామయ్య వస్తాడుగా." ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది సుడిగాలికి. అమ్మమ్మ చెయ్యి చాచి ఆమె చెంప తడిమింది. "ఆ గుమ్మం దగ్గర కూర్చో, బాగా వినబడుతుంది."

సుడిగాలి గుమ్మం దగ్గర కూర్చుంది. కథ చాలాసేపు నడిచింది. తమ్ముడు ఎంత బతిమాలినా పంతులమ్మ పెళ్ళికి ఒప్పుకోలేదు.

తనకు తీరిక లేదందట.