మామూలు గేటు

"ప్రకృతిని మరిచిన మనిషి తనను తాను మరిచినట్టే!"

ఈ మహావాక్యాన్ని మా తోడల్లుడు ఆసుపత్రి గదిలో, కిటికీలన్నీ బిగించి, ఏసీ చల్లదనాన్ని ఇంకాస్త పెంచుతూ ప్రకటించారు. ఆయన నాకంటే పెద్ద. అన్నయ్యగారూ అంటాను. నగర ప్రణాళికా విభాగంలో పెద్ద అధికారి. ఆఫీసులో ఆయన కుర్చీ వెనక గోడంతా ఒక పటం ఉంటుంది. అందులో మా నగరంలోని పెద్ద పార్కు అరచెయ్యంత పచ్చ మచ్చ. ఆ మచ్చను రోజూ చూస్తారు కాబట్టి రోజూ పార్కుకు వెళుతున్నట్టే ఆయనకు అనిపించడంలో వింత లేదు. నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. ఇలాంటివి నాకు ఇట్టే అర్థమవుతాయి. ఎదుటివాళ్ళవైతే!

మంచం మీద మా అత్తగారు. ఆ ఉదయమే కంట్లో శుక్లం తీశారు. ఆవిడ దర్జీ. సూది బెజ్జం కనిపించక కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఒక కంటికి కట్టు, రెండో కంట్లో పొగ. ఎదుటి మనిషికి బొత్తిగా కనిపించనప్పుడు మాట్లాడడంలో ఎంత స్వేచ్ఛ ఉంటుందో అల్లుళ్ళం మా ఇద్దరికీ అక్కడే తెలిసింది.

"కట్టు విప్పాక మొట్టమొదట కంటికి నిండుగా ఉండేదేదైనా చూడాలనుంది నాయనా" అన్నారావిడ. "ఈ గోడలూ, మీ ముఖాలూ ఎలాగూ తప్పవు."

"అయితే పార్కుకు రావాలి అత్తయ్యగారూ! రోజూ పొద్దున్నే నేను నడిచేది అక్కడే. చెరువులో హంసలు! ఉతికి ఆరేసినట్టుంటాయి!"

"నల్లవి కూడా ఉన్నాయి" అన్నాను నేను.

ఎందుకన్నాను? తరవాత చాలాసేపు నన్ను నేనే అడిగాను. ఆ పార్కు ప్రహరీగోడను బస్సు కిటికీలోంచి తప్ప నేను చూసి ఎరగను. కానీ పెద్దల్లుడు తెల్ల హంసలు తెచ్చి పెడితే చిన్నల్లుడు ఉత్త చేతులతో ఎలా నిలబడతాడు? మనిషి మనసులో రెండు గదులుంటాయి. ఒక గదిలోవాడు అబద్ధమాడతాడు. పక్క గదిలోవాడు గోడకు చెవి ఆనించి, "అబ్బ, ఎంత బాగా చెప్పాడు!" అనుకుంటాడు.

అన్నయ్యగారు నావైపు ఒక్క క్షణం చూశారు. కాదంటారేమో అనుకున్నాను.

"ఆఁ, ఆ నల్లవి! వాటికి కాస్త పొగరు" అన్నారు.

ఆయన కూడా ఎప్పుడూ వెళ్ళలేదని నాకప్పుడే అర్థమైంది. నాకు అర్థమైందని ఆయనకూ అర్థమైంది. అంతటి గాఢమైన సోదరభావం మా మధ్య అంతకు ముందెన్నడూ లేదు!

మర్నాడు కట్టు విప్పారు. అత్తగారు కళ్ళు తెరిచారా? లేదు. డాక్టరిచ్చిన నల్లద్దాలు వెంటనే తగిలించుకున్నారు.

"ఇవి ఆదివారం మీతో వచ్చి చెరువు గట్టు మీదే తీస్తాను. మొదట హంసలే" అన్నారు.

"ఎండకు ఒక వారం పెట్టుకోమన్నాను గానీ చూడొద్దనలేదమ్మా" అన్నాడు డాక్టరు.

"మీకు తెలీదు బాబూ. ఇన్నేళ్ళ తరవాత వచ్చిన చూపు. బోణీ మంచిదవ్వాలి."

ఇంటికి వచ్చి తలుపు దగ్గర కాలు తడబడినా ఆ అద్దాలు తియ్యలేదు. మనవరాలి ఫోటో ఇచ్చినా, "ఆదివారం చూస్తానే" అని బల్ల మీద బోర్లించారు. నాకు అన్నం సహించడం మానేసింది.

శనివారం సాయంత్రం మా హాల్లో సన్నాహక సమావేశం. అన్నయ్యగారు కొత్త బూట్లతో వచ్చారు. రోజూ నడిచే మనిషి బూట్లు! అడుగున అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు.

"ఇలాంటి సందర్శనకు ముందస్తు కార్యాచరణ అవసరం" అని గొంతు సవరించుకున్నారు. "మొదటి అంశం, ప్రవేశమార్గం. ఏ గేటు?"

నేను ముందు రోజే ఫోన్లో దొంగచాటుగా చూసి ఉన్నాను. ఆ పార్కుకు జల్లెడకున్నన్ని గేట్లున్నాయి. చెరువుకు ఏది దగ్గరో దేవుడికి తెలియాలి.

"మీరు వెళ్ళే గేటేది అన్నయ్యగారూ?"

"నువ్వు వెళ్ళేది ఏది?"

"నేనా? మామూలు గేటే!"

ఆయన ముఖం వెలిగిపోయింది. "నేనూ అంతే! మామూలు గేటే! దానికి సాటి లేదు. తీర్మానం ఆమోదించడమైనది!"

వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది. "ఏమండీ, మీరు పార్కుకు ఎప్పుడు వెళతారు? తెల్లారి లేపితే దుప్పటి ముసుగు లాక్కుంటారుగా?"

"నువ్వు లేవకముందే వెళ్ళొచ్చి మళ్ళీ పడుకుంటాను."

"ఓహో! కాకి హంస నడక నేర్చుకుంటోందన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారు మూల కుర్చీలో నల్లద్దాలతో కదలకుండా కూర్చుని ఉన్నారు. "గట్టు మీద కూర్చోవడానికి చోటుంటుందా నాయనా?" అన్నారు.

"భేషుగ్గా!" అన్నాం ఇద్దరం. అద్దాల వెనక ఆవిడ కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియలేదు.

ఆదివారం ఉదయం టాక్సీ ఎక్కాం.

"పార్కులో ఏ గేటు సార్?" అన్నాడు డ్రైవరు.

"మామూలు గేటు!" అన్నాం ఇద్దరం ఒకే గొంతుతో.

అతను వెనక్కి తిరిగి మమ్మల్ని కింద నుంచి పై దాకా చూశాడు. "మామూలు గేటా? పెద్దావిడతోనా?"

"రోజూ వెళ్ళేదేనయ్యా, పోనీ!" అన్నారు అన్నయ్యగారు దర్జాగా.

అతను బండి కదిలించాడు. పెద్ద రోడ్డు దాటి, సందులో దూరి, చెత్తకుప్పను చుట్టి, కూలిన గోడ పక్క ఒక తుప్పు పట్టిన తలుపు ముందు ఆపాడు. తలుపు కాస్త తెరిచి ఉంది. ఆ తలుపు సందులో ఒక కాపలాదారు, కాపలాదారు కన్నా ముందు అతని చెయ్యి.

"ఇదేంటి?" అన్నాను.

"మామూలు గేటే కద సార్ అన్నారు! టికెట్టు కొనకుండా మామూలు ఇచ్చి దూరేది ఇక్కడే."

అత్తగారు నెమ్మదిగా టాక్సీ దిగారు. "రోజూ ఇలాగేనా పెద్దల్లుడుగారూ లోపలికి వెళ్ళడం? అంత పెద్ద ఆఫీసరై ఉండి?"

నా వృత్తిలో నేను చాలా పుస్తకాలు చదివాను. ఏ పుస్తకంలోనూ అప్పటి అన్నయ్యగారి ముఖం లాంటి ముఖం గురించి రాయలేదు. అవునంటే రోజూ లంచం ఇచ్చే దొంగ. కాదంటే ఏనాడూ పార్కుకు రాని గొప్పల మనిషి. అన్నయ్యగారు తూకం వేశారు. దొంగతనమే పరువుగా తోచింది!

"అవునత్తయ్యగారూ. అలవాటైపోయింది" అన్నారు.

కాపలాదారు కళ్ళు చికిలించాడు. "మిమ్మల్ని ఎప్పుడూ చూళ్ళేదే సార్?"

"ఏమయ్యా! రోజూ మామూలు ఇచ్చేవాణ్ణే మరిచిపోతావా?" అని అన్నయ్యగారు గర్జించారు. "నిన్న కూడా ఇచ్చాను! మొన్న కూడా ఇచ్చాను! నేనెవరో తెలుసా? నగర ప్రణాళికా విభాగం!"

కాపలాదారు ముఖం పాలిపోయింది. చాచిన చెయ్యి అమాంతం నుదుటి మీదికి వెళ్ళి సెల్యూట్ అయింది. "బాబ్బాబు! నేనెవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు సార్! తనిఖీకి వచ్చారని తెలీదు! లోపలికి దయచెయ్యండి!"

లంచం ఇచ్చానని ఒకరు, పుచ్చుకోలేదని ఒకరు ప్రమాణం చేస్తుండగా మేం లోపల అడుగు పెట్టాం.

చెరువు ఎటుందో తెలియదు. అత్తగారి ముందు అడగలేం. అన్నయ్యగారు కుడికి నడిచారు, నేను ఎడమకు. "మీరిద్దరూ రోజూ రెండు దారుల్లో వెళతారా?" అని అత్తగారు తిన్నగా ముందుకు నడిచారు. చెట్ల మలుపు తిరగగానే చెరువు ఎదురైంది.

ఆవిడ గట్టు మీద గడ్డిలో కూర్చున్నారు. పైకి చూశారు. ఎంతో జాగ్రత్తగా అద్దాలు తీశారు.

ఒక చెట్టునే తేరిపార చూశారు.

"ఆకులు విడివిడిగా ఉన్నాయి" అన్నారు చివరికి. "చెట్టంటే పచ్చటి ముద్దని అలవాటైపోయింది నాకు. ఒక్కో ఆకుకూ కుట్టినట్టు అంచుంది."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆవిడ నీళ్ళకేసి తిరిగారు.

"హంసలేవి?"

చెరువులో ఒక బాతు ఉంది. అది కూడా మమ్మల్ని చూసి రెల్లు చాటుకు పోయింది.

"వలస వెళ్ళాయి" అన్నారు అన్నయ్యగారు.

"నల్లవి ముందే వెళ్ళాయి" అన్నాను నేను. ఇంకా ఎందుకంటున్నానో!

పక్కనే బల్ల మీద మెడలో తువాళ్ళతో కొందరు చెమట తుడుచుకుంటున్నారు. నిజంగా రోజూ నడిచేవాళ్ళని చూడగానే తెలుస్తోంది. మా పని అయిపోయిందనుకున్నాను. అత్తగారు వాళ్ళవైపు తిరిగారు.

"ఏం బాబూ, ఈ చెరువులో హంసలుండేవట. మా అల్లుళ్ళు రోజూ చూస్తారట. మీరెప్పుడైనా చూశారా?"

వాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దమనిషి, నడక సంఘం అధ్యక్షుడట, తువాలు సవరించుకున్నాడు.

"చూడకేం! మా సంఘం పెట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. మాకు తెలియకుండా ఈ చెరువులోకి ఏ హంసా రాదు!"

"నిన్న ఒకటి నా చేతిలో గింజలు తింది" అన్నాడు పక్కనున్నాయన.

"పిల్లల్ని కూడా పెట్టిందిగా!" అన్నాడు ఇంకొకాయన.

అత్తగారు కొత్త చూపుతో వాళ్ళను వరసగా చూశారు. తరవాత మా ఇద్దరినీ చూశారు. శుక్లం తీసిన కన్ను అంత మెరుస్తుందని నాకు తెలియదు.

"అయితే ఇంతమందిలో నా ఒక్కదాని కంట్లోనే అన్నమాట, శుక్లం ఇంకా పోనిది!" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ముందు ఆవిడ, వెనక మేం. మెయిన్ గేటు దాకా చాలా దూరం నడవాల్సి వచ్చింది. మామూలు గేటుకు పోదామనే ధైర్యం ఎవరికీ లేదు. అన్నయ్యగారి కొత్త బూట్లు కరిచాయి. నాకు డొక్కలో పట్టేసింది. ఆవిడ మాత్రం చెట్టు చెట్టుకూ ఆగి, దాని ఆకుల అంచులు చూసుకుంటూ, మేం అందుకునేదాకా నిలబడి, మళ్ళీ కదిలారు.

ఇంటి తలుపు తీస్తూ మా ఆవిడ అడిగింది. "ఏమ్మా, హంసలు కనిపించాయా?"

నేను గుమ్మం అవతలే ఆగిపోయాను.

"కనిపించాయే" అన్నారు అత్తగారు. బల్ల మీద బోర్లించిన మనవరాలి ఫోటో వెల్లకిలా తిప్పి, వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నారు. "రెండే రెండు. నా వెనకే వచ్చాయి. పాపం, నాలుగడుగులకే ఆయాసం. వాటికి నడకే రాదు. రేపటి నుంచి రోజూ పొద్దున్నే నేనే తీసుకెళ్ళి నేర్పిస్తాను. టికెట్టు కొని."