ఫైవ్ స్టార్ ఆయా

రివ్యూలు చదవకుండా నేను అగ్గిపెట్టె కూడా కొనను. నవ్వకండి, అది నా వృత్తి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక కంపెనీలో పర్చేజ్ మేనేజర్ని. రివెట్లు అమ్మేవాడొస్తే వాడు అంతకుముందు ఎవరెవరికి అమ్మాడో ఆరా తీసి, వాళ్ళందరికీ ఫోన్లు చేసి, బాగున్నాయంటేనే ఆర్డరు పెడతాను. మా ఓనరు నన్ను "సీబీఐ కిరణ్‌కుమార్" అంటాడు. అది మెచ్చుకోవడమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మా ఆవిడ మాధురి మాత్రం పొరపాటున కూడా మెచ్చుకోలేదు. "మొన్న రెండు గంటలు రివ్యూలు చదివి చీపురు తెచ్చారు. అది రాల్చింది ఊడవడానికి నేను ఇంకో చీపురు కొన్నాను" అంటుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మాధురి ఇంటర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. పాఠం చెప్పడమంటే ఆమెకి ప్రాణం. మా పాప రుచితకి జోల పాడుతూ కూడా కప్ప గుండెకి ఎన్ని గదులో చెబుతుంది. పాప కోసం పెట్టిన సెలవు ఆ ఆదివారంతో సరి. సోమవారం మొదటి పీరియడ్‌కి రాకపోతే ఆమె సెక్షన్లు వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుందని ప్రిన్సిపాల్ కృపానందం గారు చాలా మర్యాదగా చెప్పారు. పోయినేడు ఇలాగే ఆలస్యంగా వచ్చిన కెమిస్ట్రీ మేడంగారు ఇప్పుడు హాస్టల్ మెస్సులో ఇడ్లీలకి ఇన్‌ఛార్జి.

మైలవరంలో చీరల కొట్టు నడిపే మా అమ్మ చౌడేశ్వరమ్మకి ఫోన్ చేశాను. "మనవరాలంటే నాకు పంచప్రాణాలురా. కానీ ఇది పెళ్ళిళ్ళ సీజను" అంది. మా అత్తగారికి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. కాబట్టి పాపని చూసుకోవడానికి ఆయా కావాలి.

"ఆ పని నాకొదిలెయ్" అన్నాను.

"అదే భయంగా ఉంది" అంది మాధురి.

యాప్‌లో వెతికితే సింధూరి అనే అమ్మాయి దొరికింది. ఫైవ్ స్టార్. "తల్లిని మించిన తల్లి" అని ఒకరు రాశారు. "మా బాబు మమ్మల్ని మర్చిపోయాడు" అని ఇంకొకరు. ఇంతలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మాణిక్యమ్మ అని ఇంకొకావిడ గురించి చెప్పాడు. కంకిపాడులో ఒకరింట్లో పిల్లాణ్ణి పెంచుతోందట. కూతురు మా పటమటలోనే కాపురం ఉంటోంది కాబట్టి ఇటు వచ్చేద్దామనుకుంటోందట. ఈవిడకి స్టార్లు లేవు, ఫోటో లేదు.

సరే, పద్ధతి ప్రకారం ఇద్దరి యజమానులకీ ఫోన్ చేశాను. ముందు సింధూరి పనిచేస్తున్న మొగల్రాజపురం ఆవిడకి.

"సింధూరా? బంగారం అండీ" అందావిడ.

"మరి మీరెందుకు వదులుకుంటున్నారండీ?"

"మంచివాళ్ళు నలుగురికీ ఉపయోగపడాలి కదండీ. ఎప్పుడు తీసుకెళ్తారు? మేమే ఆటో ఎక్కించి పంపిస్తాం. సామాను సర్దేసే ఉంది."

ఎంత విశాల హృదయం. ఫోన్లోనే దణ్ణం పెట్టాను.

తరవాత కంకిపాడు వెంకటరత్నమ్మగారికి చేశాను. మాణిక్యమ్మ పెంచుతున్నది ఆవిడ మనవడు సాత్విక్‌నే. పేరు చెప్పగానే పెద్దావిడ కయ్యిమంది.

"బాబూ, నా మాట విను, దాన్ని పెట్టుకోమాక. పట్టపగలు గురక పెట్టి పడుకుంటది. నోరు తెరిస్తే మూతపడదు. పిల్లాడు ఏడుస్తుంటే టీవీ సౌండు పెంచుద్ది. నువ్వు మంచాడిలా ఉన్నావు కాబట్టి చెబుతున్నా."

నేను ఆవిడకి రెండుసార్లు థాంక్స్ చెప్పి, మాణిక్యమ్మ పేరు కొట్టేసి, మాధురికి నివేదిక సమర్పించాను.

"కంకిపాడులో ఎన్నేళ్ళుగా చేస్తోందట?" అంది మాధురి, పాపకి ఉగ్గు పెడుతూ.

"నాలుగేళ్ళు. పాపం, వాళ్ళెంత ఓపిక మనుషులో చూడు."

మాధురి నా వంక అదోలా చూసింది. "ఏదీ, మాణిక్యమ్మ నంబరొకసారి ఇలా ఇవ్వండి, ఊరికే" అంది. ఇచ్చాను. ఆడవాళ్ళకి ఇలాంటి కాలక్షేపాలుంటాయి.

శనివారం సింధూరికి ట్రయల్. నాకు సెలవు. టైంటేబుల్ తెచ్చుకోవడానికి మాధురి కాలేజీకి వెళ్ళింది. సింధూరి ఒక బ్యాగుతో, ఒక దిండుతో వచ్చింది. తన దిండు తనే తెచ్చుకుందంటే ఎంత ప్రొఫెషనల్ మనిషో అనుకున్నాను.

"సార్, మొదటి రోజు పాపకి కొత్త కదండీ. ఇవాళ్టికి మీరే చూసుకోండి, నేను గమనిస్తా" అంది.

గమనించడానికి సోఫాలో పడుకుంది.

అక్కణ్ణించే ఉద్యోగం మొదలెట్టింది. "సార్, ఉగ్గు గట్టిగా కలిపారండీ. సార్, పాపని అలా కాదు, మెడ పట్టుకుని ఎత్తుకోండి. సార్, మీరెటూ వంటింట్లోనే ఉన్నారు కదా, కాస్త టీ." ఆ టీలో పంచదార తక్కువైందంది. మళ్ళీ పెట్టాను.

ఇంతలో యాప్ వాళ్ళు రివ్యూ రాయమన్నారు. నా సెలక్షన్ తప్పని రాతపూర్వకంగా ఎలా ఒప్పుకుంటాను? అయిదు స్టార్లూ నొక్కి, "అద్భుతం. వివరాలకు సంప్రదించండి" అని నా నంబరిచ్చాను.

మధ్యాహ్నం పాపకి అన్నం పెట్టాను. సింధూరికి అన్నం పెట్టాను. ఇద్దరి కంచాలూ కడిగాను. సింధూరి నిద్రపోయింది, పాప పోలేదు. పాప ఏడుపుకి సింధూరి ఎక్కడ లేస్తుందోనని భుజాన వేసుకుని బాల్కనీలో తిరుగుతూ, గత్యంతరం లేక కప్ప గుండె గురించి నాకు తెలిసినంత పాడాను. ఎదురు ఫ్లాట్ ఆయన బయటికొచ్చి చూసి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

సాయంత్రం లేచి, ఒళ్ళు విరుచుకుని, సింధూరి తీర్పు చెప్పింది. "సార్, నాకీ ఇల్లు బాగా నచ్చిందండీ. సోమవారం నుంచి మా చెల్లెల్ని కూడా తెచ్చుకుంటా, తోడుంటుంది."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. గుణదల నుంచి ఎవరో పెద్దమనిషి.

"కిరణ్‌కుమార్ గారాండీ? యాప్‌లో మీ రివ్యూ చూశాం. సింధూరి ఎలాంటి అమ్మాయండీ?"

దేవుడి మీద ఒట్టు, నేను ఆలోచించలేదు. నోరే మాట్లాడేసింది. "బంగారం అండీ."

"మరి మీరెందుకు వదులుకుంటున్నారు?"

"మంచివాళ్ళు నలుగురికీ ఉపయోగపడాలి కదండీ. ఇప్పుడే పంపించమంటారా? ఆటో మేమే ఎక్కిస్తాం."

ఫోన్ పెట్టేసి తల తిప్పితే గుమ్మంలో మాధురి, చేతిలో టైంటేబుల్‌తో. అన్నీ విన్నది. సింధూరి దిండు తీసుకుని ఆటో ఎక్కింది. (ఆ గుణదల ఆయన మళ్ళీ చాలాసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.)

ఆటో వెళ్ళాక, వెనక బెంచీ కుర్రాణ్ణి అడిగే గొంతుతో మాధురి అడిగింది. "వదిలించుకోవాలంటే బంగారమని చెబుతారని తెలిసింది కదా. మరి కంకిపాడు ఆవిడ అంత చెడ్డగా ఎందుకు చెప్పినట్టు?"

నేను తెలియకుండానే లేచి నిలబడ్డాను. "వదులుకోవడం ఇష్టం లేక?"

"కూర్చోండి" అంది మాధురి.

కూర్చున్నాను. "అయినా ఇప్పుడేం లాభం? ఎల్లుండే సోమవారం. నీ ఉద్యోగం నా మూలంగా పోతుందేమో మాధురీ" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

"మొన్న నంబరు తీసుకున్నానే, అప్పుడే మాణిక్యమ్మతో మాట్లాడేశాను. రేపు వస్తోంది. మీకు ముందే చెబితే మళ్ళీ రిఫరెన్సులంటారని చెప్పలేదు."

"మరి ఈ ట్రయల్ ఎందుకు జరగనిచ్చావు?"

"ట్రయల్ సింధూరికనుకున్నారా?" అని లోపలికెళ్ళింది.

ఆదివారం పొద్దున కంకిపాడు బస్సు దిగి మాణిక్యమ్మ వచ్చింది. వస్తూనే కాళ్ళూ చేతులూ కడుక్కుని చాప మీద కూర్చుంది. రుచిత పాక్కుంటూ వెళ్ళి ఆవిడ ముక్కుపుడక పట్టుకుని లాగింది. "ఓయమ్మో, నీకిప్పుడే నగలు కావాలా" అందావిడ. అంతే, పాప ఆవిడ ఒళ్ళోంచి దిగితే ఒట్టు. మాధురి ముఖం వెలిగిపోయింది. చాలా రోజుల తరవాత మా ఇంట్లో నేను వేడి కాఫీ వేడిగా తాగాను.

మధ్యాహ్నం వెంకటరత్నమ్మగారు ఫోన్ చేసింది. ఈసారి మాధురి ఎత్తి స్పీకర్ పెట్టింది.

"నేను అంతగా చెప్పినా తీసుకెళ్ళారా మా మాణిక్యాన్ని?"

"మీరంతగా చెప్పబట్టే తీసుకున్నామండీ పిన్నిగారూ."

పెద్దావిడ నవ్వింది, గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది. "గడుసుదానివేనే. పోనీ, ఆదివారాలన్నా ఓసారి పంపించమ్మా. సాత్విక్‌గాడు అన్నం తినకుండా కూర్చున్నాడు."

"మీ మనవణ్ణే తీసుకురండి, భోజనాలు మా ఇంట్లోనే" అంది మాధురి. ఆ రోజు నాకు మా ఆవిడ ముందు నిలబడాలంటే గర్వమూ సిగ్గూ ఒకేసారి కలిగాయి.

సోమవారం పొద్దున మాధురి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. నా పరువు కొంతైనా నిలబెట్టుకుందామని మాణిక్యమ్మ దగ్గరికెళ్ళాను. "చూడమ్మా, మేం మాత్రం బాగా వాకబు చేసే నిన్ను తీసుకున్నాం."

"నేనూ చేశానండీ" అందావిడ.

"ఏం చేశావు?"

"మీ గురించి వాకబు. ఎవరింటికి పడితే వాళ్ళింటికి ఎట్టా వస్తానండీ? అమ్మగారినడిగి మైలవరం పెద్దమ్మగారికి ఫోన్ చేశా. మా అబ్బాయి వెన్నపూస, నోట్లో నాలిక లేనివాడు, అన్ని పనులూ చేసిపెడతాడు అని తెగ మెచ్చుకున్నారండీ. అప్పుడే భయమేసింది."

"మరి ఎందుకొచ్చావు?"

"అమ్మగారిని కూడా అడిగా కదండీ. మా ఆయన వట్టి చేతగానివాడు, చెంచా ఎక్కడుందో తెలీదు, సొంత తెలివి వాడాడంటే ఇల్లు మునుగుద్ది, పైగా గురక అన్నారు. ఇంత చెడ్డగా చెబుతున్నారంటే, ఈ మనిషిని ఎవరికీ ఇచ్చుకునేలా లేరు, కాపురం చల్లగానే ఉందిలే అనుకుని వచ్చేశా."

నేను మాధురి వంక చూశాను. ఆమె అద్దంలోంచి నా వంక చూసింది.

"పొంగిపోకండి. నేను చెప్పినవన్నీ నిజాలే" అని బ్యాగు భుజాన వేసుకుని, పాప బుగ్గ గిల్లి, స్కూటీ తాళాలు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.

ఆవిడ వద్దన్నా పొంగిపోయాను. ఆ రోజు ఆఫీసులో కనబడినవాళ్ళనల్లా ఆపి, మా ఆవిడ నా గురించి ఎంత చెడ్డగా చెప్పిందో వివరంగా చెప్పాను.