ముప్ఫై ఎనిమిది మంది, డెబ్బై ఆరు చేతులు

"మన సంస్థలో యూనియన్ లేదు. ఎందుకంటే మనది సంస్థ కాదు, కుటుంబం. కుటుంబంలో యూనియన్ ఎక్కడైనా ఉంటుందా?"

మా డైరెక్టర్ తలాయ్‌బెక్ ఒరోజొవిచ్ గారు బిష్కెక్ విమానాశ్రయం హాల్లో మైకు పట్టుకుని ఈ ప్రకటన చేసినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. వెటకారంగా కొట్టాను. కానీ చప్పట్లకు వెటకారం అంటదు. ఫొటోలో నేను మురిసిపోతున్నట్టే పడ్డాను.

సంస్థ పేరు ఇక్కడ రాయను. రాస్తే రోస్టర్‌లోంచి నా పేరు పోతుంది. వచ్చే నెల నాకు మంచి డ్యూటీలున్నాయి.

నా పేరు బోలోత్. కెప్టెన్ని. యాభై రెండేళ్లు. మా పైలట్లలో విప్లవకారుడు ఎవరని అడిగితే అందరూ నన్నే చూపిస్తారు. నేను కూడా నన్నే చూపిస్తాను. కార్మిక హక్కుల మీద పదకొండు పుస్తకాలు చదివాను. అన్నీ ఆకాశంలో, ఆటోపైలట్‌కు పని అప్పజెప్పి చదివినవే.

డైరెక్టర్ గారు చెప్పిన కుటుంబం అబద్ధం కాదు. ఇంట్లో పెద్దాయన లాగే ఆయన కూడా ఎవరెప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో తానే చెబుతారు. పడుకోవడం గురించి మాత్రం ఇంతవరకు ఏమీ చెప్పలేదు.

ఆ నెలలోనే సైకల్ వ్యవహారం జరిగింది. సైకల్ అనే అమ్మాయి మా కో-పైలట్. ముప్ఫై ఏళ్లు కూడా లేవు. తెల్లారేసరికి డ్యూటీ ఎక్కాం. బిష్కెక్ నుంచి ఓష్‌కి, ఓష్ నుంచి బిష్కెక్‌కి, అలా నాలుగు ట్రిప్పులు పూర్తయ్యేసరికి పన్నెండు గంటలు దాటాయి. అప్పుడు ఐదోది వేశారు. ఆమె కుదరదంది. డైరెక్టర్ గారే స్వయంగా ఫోన్ చేశారు.

"ఇంకొక్క ట్రిప్పే కదమ్మా."

ఎంత మృదువుగా అన్నారో. కన్నతండ్రి కూడా అలా అనలేడు.

సైకల్ కాక్‌పిట్‌లోనే స్టీరింగ్ మీంచి చేతులు తీసేసి, కాగితం అడిగి, అక్కడే రిపోర్ట్ రాసింది: "నాకు నిద్ర వస్తోంది. కెప్టెన్‌కి ఇప్పటికే వచ్చింది. మెలకువగా ఉన్నది ఆటోపైలట్ ఒక్కటే. వెళ్తుందేమో దాన్ని అడగండి."

ఆ కెప్టెన్ని నేనే. ఆమె పోరాటానికి మొదటి క్షణం నుంచీ నా పూర్తి మద్దతు ఉంది. అప్పుడు కళ్లు మూసుకుని ఉన్నాను, అంతే.

మర్నాడే ఆమె పేరు రోస్టర్‌లోంచి తీసేశారు. సోమవారం విచారణ, విచారణ అయిన వెంటనే ఉద్యోగం ఊడటం అని ఖాయమైంది. ఏడేళ్లు అప్పు మీద అప్పు చేసి నేర్చుకున్న చదువు ఆమెది. ఇక్కడ తీసేస్తే ఈ దేశంలో ఇంకెవరూ విమానం ఎక్కనివ్వరు.

ఆమెను నిలబెట్టే దారి ఒకటుందని కనిపెట్టింది నేనే. సంస్థ సర్వీసు రూల్సు పుస్తకంలో నలభై ఒకటో నిబంధన ఉంది. పాత కాలం నాటిది. కొట్టేయడం ఎవరో మర్చిపోయారు. పైలట్ల సంఘంలో సగానికి మించి సభ్యులు రాసి ఇస్తే ఏ పైలట్‌నీ తీసేయడానికి వీల్లేదు. సైకల్ కాక మేం ముప్ఫై ఎనిమిది మందిమి. ఇరవై సంతకాలు చాలు. లేనిదల్లా సంఘమే.

సంఘం పెట్టాలా వద్దా అని మేం నాలుగేళ్లుగా చర్చిస్తున్నాం. ఈలోగా సామాన్లు మోసేవాళ్లు మూడు రోజుల్లో యూనియన్ పెట్టుకుని, చేతులకు గ్లవ్స్, చలికాలం వేడి టీ సాధించుకున్నారు. యూనియన్ అనేది సామాన్లు మోసేవాళ్ల వ్యవహారమని దీన్నిబట్టే తేలిపోయిందని మాలో పెద్దవాడు, మేమంతా బైకే అని, అంటే అన్నగారని పిలిచే సపర్బెక్ బైకే అన్నాడు. పైలట్ అన్నవాడు బరువు మోయడు, బాధ్యత మోస్తాడట. ఆ మాట నాకు కూడా నచ్చి రాసుకున్నాను.

ఆదివారం రన్‌వే మరమ్మతు. విమానాలు లేవు. అందరం ఊళ్లోనే ఉంటాం. కానీ ముప్ఫై ఎనిమిది మంది పైలట్లు ఒకచోట చేరితే డైరెక్టర్ గారి చెవిన పడదా? నా బుర్రలో మెరుపు మెరిసింది. మా మనవరాలికి కాళ్ల దారం కోసే పండగ చేస్తున్నామని పిలుస్తాను. నడక నేర్చుకునే పాప కాళ్లకు నలుపు తెలుపు దారం చుట్టి, పరుగు పందెంలో గెలిచినవాడి చేత కోయించే వేడుక. దాన్ని ఎవరు అనుమానిస్తారు?

మా మనవరాలికి రెండున్నరేళ్లు. ఏడాదిగా పరుగులు పెడుతోంది. నిరుడే ఒకసారి దారం కోశాం. కాళ్లు మళ్లీ కడుతుంటే నా వైపు అదోలా చూసింది. ఉద్యమంలో త్యాగాలు తప్పవని చెప్పాను.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. సైకల్ కూడా వచ్చి, పాపను ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. నేను లేచి గొంతు సవరించుకుని "మిత్రులారా" అన్నాను. సరిగ్గా అప్పుడే మాంసం వచ్చింది.

మా దగ్గర గొర్రె మాంసం ఎవరికి ఏ ఎముక అన్నది హోదాను బట్టి పోతుంది. తుంటి ఎముక పెద్దవాడిది. సపర్బెక్ బైకే చెయ్యి చాచాడు. కెప్టెన్ ఎర్నిస్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఎర్నిస్ వయసు నలభై ఒకటే గానీ, ఎగిరిన గంటలు అందరికంటే ఎక్కువ.

"బైకే, ఇది ఇంట్లో విందు కాదు, పైలట్ల సమావేశం. ఇక్కడ వయసు కాదు, గంటలు చూడాలి."

"నువ్వు పాలు తాగేటప్పటికే నేను సోలో ఎగిరాను రా."

"ఎగిరారు బైకే, పొలాలకు మందు కొడుతూ. ఆ గంటలు సగమే లెక్క."

ఈ చర్చ గంటా పది నిమిషాలు నడిచింది. మా సంఘం చరిత్రలో అంత లోతైన చర్చ మరొకటి లేదు. చివరికి వయసులో ఎన్నోవాడో, గంటల్లో ఎన్నోవాడో కలిపి రెండుతో భాగించాలని తీర్మానించారు. అలా చేస్తే ఎముక నాకొచ్చింది. అందుకని తీర్మానం రద్దు చేశారు.

తర్వాత, సంఘం పెడుతున్నామని, సైకల్‌ని తీసేయొద్దని రాసిన కాగితం మీద సంతకాలు. కాగితం ముందు పెద్దవాడికే ఇవ్వాలని ఎర్నిస్ అన్నాడు. ఎముక విషయంలో వయసు పనికిరాదన్నవాడు ఇతనే. సపర్బెక్ బైకే కాగితాన్ని ఎర్నిస్ వైపు నెట్టి, గంటలు ఎక్కువున్నవాడే ముందు పెట్టాలన్నాడు. కాగితం బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి నా దగ్గరకొచ్చింది. దాని మీద కొవ్వు మరకలున్నాయి, సంతకం లేదు. సైకల్ నా వైపే చూస్తోంది.

పెన్ను తీశాను. నిజంగానే తీశాను. అప్పుడే గుమ్మంలో డైరెక్టర్ గారు నిలబడ్డారు. చేతిలో పిల్లలు నడిపే బొమ్మ కారు.

ఆయన్ను పిలిచింది మా ఆవిడ కనిశాయ్. వంటింట్లోకి లాక్కెళ్లి అడిగాను.

"పండగ చేసుకుంటూ మీ పెద్దాయన్ని పిలవకపోతే రేపు మన ముఖం ఎవరు చూస్తారు?" అంది. "రహస్యమైతే రహస్యమని నాకు చెప్పొద్దూ?"

చెప్పలేదు. అది రహస్యం కదా.

వచ్చిన ముఖ్య అతిథికి గొర్రె తల పెట్టాలి. పెట్టాం. పరుగు పందెంలో ఆయన కూడా దిగారు. ముప్ఫై ఎనిమిది మంది పైలట్లం పెరట్లో పరుగెత్తాం. జీవితంలో అంత నెమ్మదిగా పరుగెత్తడం నాకెప్పుడూ చేతకాలేదు. డైరెక్టర్ గారు భారీ ఆధిక్యంతో గెలిచి, దారం కోశారు. పాప వెంటనే లేచి పారిపోయింది. సైకల్ పట్టుకుని ఎత్తుకుంది.

లోపలికొచ్చాక ఆయన బల్ల మీది కాగితం చూశారు. తీరిగ్గా చదివారు.

ఇక్కడ పాఠకులకు మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. విమానంలో ఇద్దరు పైలట్లుంటారు. నడపడం ఒకరి నుంచి ఇంకొకరికి మారేటప్పుడు, తీసుకునేవాడు "కంట్రోల్ నాది" అంటాడు. ఆ మాట వినగానే రెండోవాడు రెండు చేతులూ పైకెత్తి "కంట్రోల్ మీది" అనాలి. ఆలోచించకూడదు. ఆలోచిస్తే విమానం కూలుతుంది. నిద్రలో కూడా చేతులు లేచేలా ఇరవై ఏళ్లు మా చేత దీన్ని సాధన చేయిస్తారు. ఒకసారి మా ఆవిడ టీవీ రిమోట్ అందుకుంటూ ఆ మాటే అంది. ఆ రిమోట్ నేటికీ ఆమె దగ్గరే ఉంది.

డైరెక్టర్ గారు కూడా ఒకప్పుడు పైలటే.

"మీకు సంఘం కావాలా? చాలా సంతోషం. మన కుటుంబంలో కాదనేవాళ్లెవరు?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత మామూలు గొంతుతో, "కంట్రోల్ నాది" అన్నారు.

"కంట్రోల్ మీది."

ముప్ఫై ఎనిమిది గొంతులు. డెబ్బై ఆరు చేతులు గాల్లో. ఆయన వెంట వచ్చిన విలేకరి ఫొటో తీశాడు. పైలట్ల సంఘం అధ్యక్షుడిగా డైరెక్టర్ గారి ఏకగ్రీవ ఎన్నిక, సభ్యులు ఉత్సాహంతో రెండేసి చేతులెత్తారు అని మర్నాడు పేపర్లో వచ్చింది. ఒక్కరి చేతులు మాత్రం లేవలేదు. సైకల్ పాపను ఎత్తుకుని ఉంది. పైగా ఆమె పేరు రోస్టర్‌లో లేదు.

అనుభవం ఉన్నవాణ్నని నన్ను కార్యదర్శిని చేశారు. కోటుకు పెట్టుకునే బిళ్ల ఇచ్చారు, బంగారు రంగుది. సోమవారం విచారణలో సంఘం అభిప్రాయం అడిగారు. అధ్యక్షుల వారు తమ అభిప్రాయం చెప్పారు. కార్యదర్శిగా నేను దాన్ని అందంగా రాశాను. "ఉద్యోగిని సేవలు ఇక అవసరం లేదు" అన్నచోట "మరువలేని" అనే మాట చేర్పించింది నేనే. ఆ పోరాటం మామూలుది కాదు.

ఆర్నెల్ల తర్వాత నా కారు చెడిపోయి, బజారు స్టాండులో విమానాశ్రయం వెళ్లే మినీబస్ ఎక్కాను. వెనక సీట్లన్నీ నిండాయని ముందు కూర్చున్నాను. డ్రైవర్ సీట్లో సైకల్. వాళ్ల బాబాయి బండట. బాగున్నారా కెప్టెన్ అంది. బాగున్నానన్నాను. బిళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

బండి కదల్లేదు. ఎందుకని అడిగాను. తన ఎనిమిది గంటలూ ఇప్పుడే అయిపోయాయట. తర్వాతి డ్రైవర్ టీ తాగి వస్తాడట. మినీబస్ వాళ్ల యూనియన్ రూల్. నిరుడు ఒక పొద్దున సమ్మె చేసి మధ్యాహ్నానికి సాధించుకున్నారట.

వాచీ చూసుకున్నాను. నా విమానానికి టైము లేదు. అధ్యక్షుల వారు ఆలస్యాన్ని సహించరు.

"ఇంకొక్క ట్రిప్పే కదమ్మా," అన్నాను.

సైకల్ నెమ్మదిగా స్టీరింగ్ మీంచి రెండు చేతులూ పైకెత్తింది.

"కంట్రోల్ మీది, కెప్టెన్."

తలుపు తీసుకుని దిగి, టీ కొట్టు వైపు నడిచింది. ఖాళీ డ్రైవర్ సీటు పక్కన నేను. వెనక పద్నాలుగు మంది ప్రయాణికులు నన్నే చూస్తున్నారు.

నా చేతులు రెండూ అప్పటికే పైకి లేచి ఉన్నాయి.