శుక్రవారం ఉపవాసం, నాలుగు బజ్జీలు

శుక్రవారం పొద్దున దాసన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో టిఫిన్ ఎగ్గొట్టి, బేతంచెర్ల స్టేషను దగ్గర గురమ్మ బండి మీద బొరుగుల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, బండల పాలిష్ ఫ్యాక్టరీకి పనికి పోవాలి.

"నాకు టిఫిన్ వద్దులే. ఈ పొద్దు ఉపాస ప్రార్థన" అన్నాడు భార్య జీవమ్మతో.

అతనికి రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరు చెప్పిన రోజే ఆమె బాణలిని అటకెక్కించింది. బజ్జీలంటే ఆమెకూ ప్రాణమే. మొగుడికి లేనిది తనకెందుకని మానేసింది. పాపం, ఉపవాసం మాట నమ్మింది. నమ్మి ఊరుకోక చర్చిలో ఆడవాళ్ళకు చెప్పింది. వాళ్ళు పాస్టరు గాబ్రియేలు చెవిన వేశారు.

ఆదివారం చర్చిలో పాస్టరు దాసన్నను నిలబెట్టి, ఉపవాసం మీద సాక్ష్యం చెప్పమన్నారు. అక్కడైనా నిజం ఒప్పుకుని ఉండాల్సింది. అందరూ తనవైపే చూసేసరికి నోరు ఆగలేదు.

"ఉపాసమున్నప్పటి నించీ నూనె వాసనొస్తే సాలు, కడుపులో తిప్పుతాది" అన్నాడు.

సంఘమంతా "స్తోత్రం" అంది.

మూడు వారాల్లో సంఘంలో సగం మంది శుక్రవారాలు పస్తులు మొదలుపెట్టారు. గురమ్మ బజ్జీలు మిగిలిపోసాగాయి. మానకుండా వచ్చే గిరాకీ కదా అని ఆమె దాసన్నకు రెండు కొసరు వేసేది. అవీ తిన్నాడు.

నాలుగో శుక్రవారం పాస్టరు ఉపవాస ప్రార్థనను దాసన్న ఇంట్లోనే పెట్టారు. ఆ పూట పని మానుకుని నిజంగానే పస్తుండక తప్పలేదు. పదకొండింటికి ఆకలితో అతని కడుపు మాడుతుండగా, పక్కన జీవమ్మ కూలబడిపోయింది. చక్కెర నీళ్ళు తాగించాక తేరుకుంది.

"ఏమైందమ్మా?" అన్నారు పాస్టరు.

"ఏం లేదయ్యా. మొదటి వారం నించీ ఈయప్పతో పాటే నేనూ ఉపాసముంటాండా. షుగరు మాత్ర మాత్రం ఏసుకుంటాండా."

దాసన్నకు అర్థమైంది. ముద్ద ముట్టని మనిషి చేత మాత్ర మింగించి, ఒంట్లో చక్కెర పడిపోయేలా చేసింది తన అబద్ధమే. అందరి ముందూ భోరుమన్నాడు.

"ఈ పొద్దు తప్ప నేను ఒక్క వారమూ ఉపాసం ఉండలే జీవమ్మా. గురమ్మ కాడ బజ్జీలు తిని పనికి పోతాంటి. శానా తప్పు చేసినా."

జీవమ్మ చక్కెర నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"నాకూ రెండు తెచ్చింటే, ఇద్దరమూ కలిసే ఉపాసముండేవాళ్ళం కదప్పా" అంది.

ఆ మాటకు ఆమేన్ అనాలో వద్దో పాస్టరుకు పాలుపోలేదు.