వయసుకు మించిన ఏడుపు

రైలు నడవాలంటే నిప్పు, నీరు, బొగ్గు ఉంటే చాలునని లోకంలో చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. అది పొరపాటు. రైలు నడవాలంటే అన్నిటికంటే ముందు పసిపిల్లలు పగటిపూట ఏడవకూడదు. ఈ సత్యాన్ని పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగులో బిలాస్‌పూర్ రైల్వే కాలనీ కనిపెట్టింది. (మిగతా దేశాలు ఇంకా కనిపెట్టవలసి ఉంది.)

ఇందులో తర్కం తేలికే. రాత్రి డ్యూటీ చేసిన డ్రైవర్లూ ఫైర్‌మన్లూ పగలు పడుకోవాలి. పిల్ల ఏడిస్తే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే సిగ్నలు కనిపించదు. సిగ్నలు కనిపించకపోతే ఏమవుతుందో రాయడం అశుభం. అందుచేత కాలనీలో పగటి నిశ్శబ్ద సంఘం ఒకటి వెలిసింది. దానికి పర్యవేక్షకులు అప్పారావు గారు. ఆయన ఉదయం ఎనిమిది గంటలకు ఇత్తడి గంట పట్టుకుని, క్వార్టర్ల వరస పొడుగునా మోగించుకుంటూ వెళ్లి, నిశ్శబ్దం మొదలైందని ప్రకటించేవారు. పది గంటలకు మళ్లీ వచ్చి తలుపులు తట్టి, లోపలివాళ్లు పడుకున్నారో లేదో అడిగేవారు. లేచి వచ్చి "పడుకున్నానండీ" అన్నవారి పేరుకెదురుగా టిక్కు పెట్టేవారు. ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషిని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు.

ఏ ఇంట్లోనైనా మూడు ఏడుపులు నమోదైతే ఆ తండ్రిని ఇంజను మీదినుంచి దింపి షెడ్డులో బూడిద ఎత్తించాలని నిబంధన. ఈ కథ జరిగే నాటికి కనకం అనే ఇల్లాలి ఇంట్లో ఒకటి నమోదై ఉంది.

కనకం భర్త సన్యాసిరావు మెయిలు బండి ఫైర్‌మన్. కనకం తొలికాన్పుకి విజయనగరం దగ్గర పుట్టింటికి వెళ్లి, ఆడపిల్లను కని, నెలన్నర బిడ్డను ఎత్తుకుని బిలాస్‌పూర్‌లో రైలు దిగింది. పిల్లను చిన్నతల్లి అని పిలుచుకుంటున్నారు. వచ్చిన వారానికి, క్వార్టరు రిజిస్టరులో పేరెక్కించడానికి గుమస్తా జగన్నాథం గారి కిటికీ దగ్గరికి వెళ్లారు.

"పిల్ల ఎప్పుడొచ్చింది?" అన్నారు జగన్నాథం గారు.

"వచ్చి ఏడు రోజులైందండి," అన్నాడు సన్యాసిరావు.

వయసు అనే గడిలో 'ఏడు రోజులు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశారు. కనకం కంగారుపడి, పిల్ల పుట్టి నెలన్నర దాటిందని చెప్పింది.

"కాదనడం లేదమ్మా. కానీ మా స్టేషను లెక్క బండి చేరిన టైముతోనే మొదలు. బయలుదేరిన టైము ఆ స్టేషనువాళ్ల లెక్క. అక్కడినుంచి కాయితం తెప్పించు, దిద్దుతాను."

కాయితం కోసం కనకం పుట్టిన పల్లెకి రాశారు. ఆ పల్లెలో పుట్టిన పిల్లను చూసినవాళ్లు ఊరంతా ఉన్నారు గాని, రాసినవాడు ఒక్కడూ లేడు. పోనీ రోజులు గడిస్తే వయసు దానంతటదే పెరుగుతుందని కనకం సరిపెట్టుకుంది. ఇది చదువు తక్కువైనవాళ్ల ఆలోచన. రిజిస్టరులో వయసు జీతం లాంటిది. ఏప్రిల్‌లో ఇంక్రిమెంటు పడితేనే పెరుగుతుంది. అది ఇంకా ఆగస్టు.

ఆ నెలలోనే కనకానికి చలిజ్వరం వచ్చి, పాలు ఎండిపోయాయి. ఆస్పత్రి తరఫున సీసా, రబ్బరు పీక, రిజిస్టరులోని వయసే వేసిన పాలకార్డు ఇచ్చారు. పాలు పోసే కిటికీ కూడా జగన్నాథం గారిదే. గోడమీద పట్టిక ఉంది: ఏడు రోజుల శిశువుకు ఒక వంతు పాలు, మూడు వంతులు నీళ్లు. ఆయన కొలగ్లాసు కంటికెదురుగా పెట్టుకుని, చుక్క తేడా రాకుండా కలిపేవారు. ఆయన అక్రమం ఎరగరు. బయటి పాలు పట్టిస్తే కార్డు రద్దు అని కింద సన్న అక్షరాల్లో ఉంది.

అలా రెండున్నర నెలల చిన్నతల్లి ఏడు రోజుల పాలు తాగుతూ, రెండున్నర నెలల గొంతుతో ఏడ్చేది. చేతులు పుల్లల్లా అయ్యాయి. తొడలమీద మడతలు పోయి చర్మం వేలాడింది. స్నానం చేయించినప్పుడల్లా కనకం పక్కటెముకలమీద చెయ్యి నిలపకుండా తొందరగా నీళ్లు పోసేసేది.

"ఏటే కనకం, గుంటకి కడుపు నిండక గదే ఆ ఏడుపు!" అంది అత్త అప్పయమ్మ. "ఆ పాల్లో ఓ చెంచాడు చోడిపిండి కాచి కలిపేసి పట్టించు. పొద్దుగూకిందాకా కన్నిప్పదు. నీ మొగుణ్ని నాను అలగే పెంచాను."

"ఆరో నెల్లో పట్టుంటావు అత్తా. దీనికింకా మెడే నిలబళ్లేదు."

"ఏ నెల్లో పట్టానో నాకు తెల్దు గానీ, వాడి నిద్ర సూడు, ఇప్పటికీ ఉంది!"

అది మాత్రం నిజం. సన్యాసిరావు కూతురి ఏడుపుకి ఒక్కసారీ లేచి ఎరగడు. లేచేదల్లా అప్పారావు గారి గంటకే. లేచినవాడు తల్లి మాటా పెళ్లాం మాటా విని, తలగోక్కుని, "సంఘాన్ని అడిగేద్దాం, కాయితం మీద ఏటి రాస్తే అదే సేద్దాం," అని మళ్లీ పడుకున్నాడు.

సీసాలో చోడిపిండి, అంటే రాగిపిండి, కలపవచ్చునా అన్న అర్జీ ఆ విధంగా పుట్టింది. దాన్ని ఇవ్వడానికి వెళ్లిన రోజునే కనకం, పాలు పోయించుకుంటూ, కొంగు సర్దుకుని మెల్లగా ఒక మాట అడిగింది.

"బాబుగారూ, నాకు తెలీక అడుగుతున్నాను. పాలు పలచనయ్యాయనే గదా మా అత్త పిండి కలపమంటోంది? ఆ నీళ్లేవో తగ్గిస్తే పిండితో పనేముందండీ?"

జగన్నాథం గారు ఆమెను జాలిగా చూశారు. "అమ్మా, నీళ్లు ఈ కిటికీ. పిండి సంఘం. రెండూ ఒక కాయితంలో రాయకూడదు, ఫైలు పాడైపోతుంది."

సోమవారం సంఘం కూర్చుంది. గూడ్సు ఆఫీసునుంచి వచ్చిన సభ్యుడు, చోళ్లు ధాన్యమనీ, పాలు ద్రవమనీ, రెండూ కలిపితే సరుకు తరగతి మారిపోతుంది గనక సీసాకు కొత్త చీటీ అంటించాలనీ అన్నారు. గుడి పూజారి గారు కూడా సభ్యులే. ఆడపిల్లకు అన్నప్రాశన అయిదో నెలలో చెయ్యాలి, అంతకుముందు గింజ నోట పడరాదు, కాని రబ్బరు పీకలోంచి పీల్చేది నోట పడినట్టా కాదా అన్నది శాస్త్రంలో వెతకాలి అన్నారు. డాక్టరు గారు రాలేదు, చీటీ పంపారు. అందులో రెండే వాక్యాలు. 'మెడ నిలవని పిల్లకు సీసాలో పిండి పోస్తే ఊపిరికి అడ్డం పడవచ్చు, పొయ్యకండి. ముందు పాలు సరిపోతున్నాయో లేదో చూడండి.' రెండో వాక్యం పాల కిటికీకి సంబంధించినది కాబట్టి, అప్పారావు గారు దాన్ని కత్తెరతో నీటుగా కత్తిరించి ఆ శాఖకు పంపించారు. (ఆ ముక్క చేరినట్టు రసీదు కూడా వచ్చింది.)

చివరికి అందరూ కార్డు చూశారు. ఏడు రోజులు.

"అచ్ఛా!" అన్నారు అప్పారావు గారు. "ఏడు రోజుల పిల్లకి పిండేటమ్మా? నామంజూరు."

కనకం మనసులోనే సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకుంది. బిడ్డ గొంతులో పిండి పడదు, అంతే చాలు. అయితే అప్పారావు గారు ఇంకా కూర్చోలేదు.

"కానీ ఏడుపు సంగతి వేరే. మొన్న మంగళవారం నాను సొయంగా విన్నాను. మూడో లైను చివరిదాకా వినపడింది. ఏడు రోజుల పిల్లకి అంత గొంతు ఉండదు, ఉండకూడదు. ఇది వయసుకు మించిన ఏడుపు."

ఇలా రెండో ఏడుపు నమోదైంది. దానితోబాటు మెమో కూడా వచ్చింది. తండ్రి పేర కాదు, ముద్దాయి పేరనే. 'శిశువు చిన్నతల్లి, నీవు మంగళవారం పగలు పదిన్నర గంటలకు, ఏ అనుమతీ లేకుండా, వయసుకు మించి ఏడ్చినట్టు తెలియవచ్చింది. నీపై చర్య ఎందుకు తీసుకోరాదో వారం రోజుల్లో రాతపూర్వకంగా తెలుపవలెను.' రసీదు మీద చిన్నతల్లి బొటనవేలి ముద్ర తీసుకున్నారు. ఆ వేలు ఎప్పుడూ ఉండే చోటికే వెంటనే వెళ్లిపోయింది. పెదాలకంటిన సిరాని కనకం కొంగుతో తుడిచి, "పాలనుకుందండి," అంది. అప్పారావు గారు సిరా వృథా అయినట్టు రాసుకున్నారు.

ఈ గొడవలో పూజారి గారికి ఇంకో సంగతి తట్టింది. కార్డు ప్రకారం పిల్లకు ఏడు రోజులు. పదో రోజు దాటితే గాని పురిటి మైల పోదు. ఆ శనివారం దీపం పెట్టడానికి వెళ్లిన అప్పయమ్మను గుడి మెట్టు దగ్గరే ఆపేశారు.

"మైల రెండు నెలల కిందటే పోయింది కదయ్యా! పదకొండోనాడు పుణ్యాహవచనం సేసుకున్నాం, ఊరంతా బోజనాలు పెట్టాం!"

"నాకు తెలుసు తల్లీ. కానీ గుడి ఉన్నది రైల్వే స్థలంలో. ఏప్రిల్ దాకా ఓపిక పట్టు."

ముప్ఫయ్యేళ్లుగా ఒక్క శనివారం దీపం మానని మనిషి అప్పయమ్మ. వెలిగించని ప్రమిదతో ఇంటికొచ్చింది. అప్పన్నస్వామి పంచాంగం చూస్తాడా, జగన్నాథం రిజిస్టరు చూస్తాడా అన్న సందేహం ఆమెకు మొదటిసారి వచ్చింది. సందేహం వచ్చినందుకు చెంపలు వేసుకుంది. అటు గుడి పోయింది. ఇంకొక్క ఏడుపు నమోదైతే ఇటు కొడుకు బూడిదలో పడతాడు. మర్నాడు కనకం బావి దగ్గరికి వెళ్లగానే, సీసాలో చోడిజావ కలిపేసి, జారడానికని పీక చిల్లును కాల్చిన సూదితో పెద్దది చేసి, పిల్లను ఒళ్లో వేసుకుంది.

చిన్నతల్లి ఆకలిమీద ఆబగా పీల్చింది. రెండు గుక్కలు బాగానే దిగాయి. మూడో గుక్కకి జావ ఉండ కట్టి వచ్చింది. పిల్ల నోరు తెరిచింది గాని ఏడుపు రాలేదు. ముఖం ఎర్రబడి, నల్లబడి, కళ్లు తేలేసింది.

"ఓలమ్మో! కనకం! ఒలే కనకం!"

కనకం బిందె అక్కడే విడిచి పరుగున వచ్చి, పిల్లను బోర్లా తిప్పి, తల కిందికి వంచి, వీపు మీద చరిచింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో దెబ్బకి ఉండ బయటపడింది. పిల్ల దగ్గింది, చాలాసేపు దగ్గింది. అప్పయమ్మ గోడకి చేరబడి, "నా సేతులిరిగిపోనూ," అంటూ చతికిలబడింది.

తలుపు దగ్గర అప్పారావు గారు పుస్తకం తెరిచి నిలబడ్డారు. ఒక నిమిషం శ్రద్ధగా విన్నారు.

"దగ్గా?"

"దగ్గే బాబూ," అంది అప్పయమ్మ.

"దగ్గయితే ఏడుపు కిందికి రాదు. నమోదు చెయ్యనక్కర్లేదు," అని దయగా చెప్పి వెళ్లిపోయారు.

అప్పుడు అప్పయమ్మ లేచింది. జావ సీసాని తీసుకెళ్లి పెరట్లో కుమ్మరించింది. బోద్రీ అనే పక్క ఊరినుంచి పాలు తెచ్చే బుధియారిన్ కాలనీ వెనకదారిన పోతుంటే చేయి పట్టి ఆపి, సంగతంతా చెప్పింది. ఒక వంతు పాలకి మూడు వంతుల నీళ్లని వినగానే బుధియారిన్ తలమీది కుండ దింపి కూలబడింది.

"హే భగవాన్! అత్తేక్ పానీ కాబర్ దాయీ?" ఇన్ని నీళ్లెందుకమ్మా అని ముక్కుమీద వేలేసుకుని, వచ్చీరాని తెలుగులోకి దిగింది. "నీల్లు కలిపేది మా కులం పని. నేనే అంత కలపను. మీ కంపెనీకెందుకు ఆ పని?"

"కార్డు రద్దయిపోద్దేమో అత్తా," అంది కనకం.

"అయితే అవనీ. ఆ కార్డు తాగి గుంట బతుకుద్దా?"

ఆ రోజునుంచి ఆవుపాలు, కాస్తే నీళ్లు, బాగా మరగకాచి, చిల్లు సన్నగా ఉన్న కొత్త పీకతో. కార్డు పాలు మాత్రం రోజూ క్రమంగా తెచ్చి, పెరట్లో పొట్లపాదుకి పోసేవారు. చిన్నతల్లి కడుపునిండా తాగి, మూత్రం పోసి, మూడేసి గంటలు పడుకునేది. మూడు వారాల్లో తొడలమీద మొదటి మడత పడింది. కనకం దాన్ని వేలితో తడిమి, అత్తని పిలిచి చూపించింది. అప్పయమ్మ గుడివైపు తిరిగి, ఇంట్లోంచే దండం పెట్టుకుంది. స్వామి ఆ వీధిదాకా రాగలడో లేదో ఆమె ఎవర్నీ అడగలేదు.

కనకం క్వార్టరులో మూడో ఏడుపు నమోదు కాలేదు. నెలాఖరున సంఘం ఈ సంగతిని ప్రత్యేకంగా చర్చించింది. పిండి కలపలేదు, నీళ్లు తగ్గించలేదు, వయసు మార్చలేదు, అయినా ఏడుపు ఆగింది. ఈ మధ్యలో జరిగినదల్లా ఒక్కటే అని అప్పారావు గారు ఫైలు చూసి నిరూపించారు. సంఘం ఏకగ్రీవంగా ఆయన్ను అభినందించి తీర్మానం చేసింది: ఇకమీదట కాలనీలో ఏ శిశువు ఏడ్చినా ముందుగా మెమో ఇవ్వవలెను, దానితో నిమ్మళించని పక్షంలో మాత్రమే పాల సంగతి ఆలోచించవలెను.