417 ఎక్కడ దిగింది?

“ఏ రహస్యమూ తప్పించుకోలేని కళ్లు ఈ లోకంలో రెండే ఉన్నాయి మాస్టారూ. ఆ రెండూ నా మొహం మీదే ఉన్నాయి” అని ప్రకటించి, బెంచీ మీద పెట్టిన నా కళ్లజోడు మీద కూర్చున్నాడు డేగకన్ను.

ఆ పేరు ఆయన తనకు తానే పెట్టుకున్నది. కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు గానీ తాను జోడు పెట్టుకోడు. కూర్చున్నప్పుడల్లా నాకు కొత్తది ఇస్తాడు కనుక నేనూ ఏమీ అనను.

పాత యుద్ధవిమానాలు చివరికి ఏమయ్యాయో ఆరా తీసే మా సంఘంలో ముగ్గురమే. అధ్యక్షుడు ఆయన, కార్యదర్శిని నేను, సభ్యుడు వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరైన బాబాయి. డేగకన్ను భార్య ఫైళ్లను ఇంట్లోకి రానివ్వదు. అందుకని పార్కులో నిలబెట్టిన పాత విమానం రెక్క నీడలో కలుస్తాం. పిల్లలు ఆ రెక్క పట్టుకుని ఊగితే లోపల ఏదో టక్కుమంటుంది. “దాని కడుపులో ఏదో ఉందండీ” అనేది మా ఆవిడ, ఈ బెంచీ మీదే కూర్చుని. ఇప్పుడావిడ లేదు. చప్పుడైనా మిగిలింది, అదే పదివేలు.

ఎనభయ్యొక్కేళ్ల బాబాయి, యాభై ఏళ్లుగా దాచుకున్న మాట ఆరోజు బయటపెట్టాడు.

“417 అనే విమానం. దాని రెక్కలో డ్యూటీలో రోజూ వాడే స్క్రూడ్రైవరు వదిలేశాను నాయనా. పని అయ్యాక పనిముట్లు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా విమానం లేవకూడదు. ఆరోజు తగ్గింది. భయపడి నా సొంతది ఇంకొకటి ట్రేలో పడేసి, సరిపోయాయని సంతకం పెట్టాను. పైలటు ఇరవై రెండేళ్ల కుర్రాడు. నాకు చెయ్యి ఊపి మరీ వేరే స్థావరానికి వెళ్లాడు. మళ్లీ దాని కబురు లేదు. ఆ దిక్కుమాలిన స్క్రూడ్రైవరు వెళ్లి లోపలి తీగల్లో ఇరుక్కుని ఉంటే...”

ఆయన కోడలు ఓసారి నాతో అన్న మాట గుర్తొచ్చింది. “మామయ్యగారు రోజూ భోజనాలయ్యాక స్పూన్లు లెక్కపెడతారండీ. ఎందుకో చెప్పరు.”

మా రిజిస్టరు తీశాను. 417 ఎదురుగా ‘ఆచూకీ లేదు’ అని ఉంది.

డేగకన్ను కళ్లు చిట్లించాడు. “ఇది ప్రమాదం కాదు. అపహరణ. దీని వెనక పెద్ద ముఠా ఉంది.”

“విమానాన్ని ఎత్తుకుపోతారా?”

“పోరని మీరు అనుకుంటున్నారు చూశారా, వాళ్లకి కావలసిందీ అదే.”

మూడు వారాలు దర్యాప్తు సాగింది. పాత సామాన్ల కొట్లో విమానం రెక్క ముక్క దొరికిందని మోసుకొచ్చాడు. అది సీలింగ్ ఫ్యానుది. ఆ తర్వాత ఆయన చూపు పార్కు తోటమాలి మీద పడింది.

“వాడు రోజూ గోతులు తీస్తున్నాడు. గమనించారా?”

“తోటమాలి కదండీ.”

“అదే వాడి ఎత్తు.” వెళ్లి అతని ఎదురుగా నిలబడ్డాడు. “417 అంటే నీకేం గుర్తొస్తుంది?”

“మా ఆవిడ ఎక్కే బస్సండి.”

“ఎక్కడికి వెళ్తుంది?”

“పుట్టింటికి.”

“కారణం?”

“మీలాంటోళ్లు నన్ను పని చేసుకోనివ్వరు. ఇంటికి ఆలస్యమైపోద్ది. అలిగి పోద్ది.”

ఆ గోతిలో ఏం పాతుతున్నాడో పైనుంచి చూస్తానని డేగకన్ను బెంచీ ఎక్కి, బెంచీ మీంచి రెక్క ఎక్కబోయాడు. చెయ్యి జారింది. గబ్బిలంలా వేలాడుతూ రెక్క అడుగున ఉన్న తుప్పు పట్టిన చిన్న మూత పట్టుకున్నాడు. మూత ఊడింది. మూతతో సహా తడిమట్టి కుప్పలో పడ్డాడు. వెనకే ఏదో వచ్చి ఆయన నెత్తిన టక్కుమంది.

“నన్ను కాల్చారు” అన్నాడు కళ్లు మూసుకుని, నింపాదిగా.

పడింది స్క్రూడ్రైవరు. చెక్క పిడి మీద రెండు గాట్లున్నాయి. బాబాయి వంగి అందుకున్నాడు. ఆయన బొటనవేలు చూడకుండానే ఆ గాట్ల మీదికి వెళ్లింది.

నేను కొత్త జోడు సర్దుకుని, బెంచీ ఎక్కి కన్నంలోకి తొంగి చూశాను. లోపల చిన్న రేకు మీద అంకెలు కొట్టి ఉన్నాయి. 417.

“మరి తోక మీద 902 అనుందేం?” అన్నాను.

“అదాండీ” అన్నాడు తోటమాలి, పార ఆపకుండా. “రంగులేసేటప్పుడు పాత నంబరు చెరిగిపోయుంది. పెయింటరు ఏదో పుస్తకంలో బొమ్మ చూసి రాసేశాడు. మీరెప్పుడూ అడగలేదుగా.”

విమానాల పిచ్చివాళ్లం తోక మీది నంబరును కన్నతల్లి మాటలా నమ్ముతాం. అందుకే 902కి రిజిస్టరు మొదటి పేజీలోనే దొరికిందని టిక్కు పెట్టేసి, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం. దాని కడుపులో ఏదో ఉందని ఎన్నడో కనిపెట్టింది మా ఆవిడ ఒక్కతే. డిటెక్టివ్ బిరుదు పొరపాటున వేరేవాళ్లకు పోయింది.

బాబాయి వంగి చక్రాలన్నీ ఒక్కొక్కటే తడిమాడు.

“దిగింది మాస్టారూ” అన్నాడు చివరికి. “చక్రాలకు సొట్టయినా లేదు చూడండి. ఆ కుర్రాడు ఆ పూట దిగి, భోంచేసి, హాయిగా పడుకునుంటాడు.”

డేగకన్ను మట్టి దులుపుకుంటూ లేచాడు. “సాక్ష్యం దానంతటదే నా నెత్తిన పడుతుందని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను.”

“ఎప్పుడు చెప్పారు?”

“మనసులో.”

ఫ్లాస్కులో తెచ్చిన టీ నలుగురికీ పోశాను. చక్కెర ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకున్నారు. అయ్యాక బాబాయి స్పూన్లన్నీ గుప్పిట పట్టి, లెక్కపెట్టకుండా నా సంచిలో పడేశాడు.

ఇంటికి వెళ్లి చూసుకుంటే ఒకటి తక్కువ. ఎవరికీ చెప్పలేదు. డేగకన్నుకు అసలే చెప్పలేదు.